జేబులో మా ఊరి ‘వద్దు’

1788 జనవరి 21, సోమవారం

టౌన్ మీటింగ్ అయింది. ఎక్సెటర్‌లో కొత్త రాజ్యాంగం మీద మా న్యూ హాంప్‌షైర్ తేల్చుకోవడానికి జరగబోయే కన్వెన్షన్‌కి మా ఊరు ఆల్డర్‌బ్రూక్ తరఫున డెలిగేట్‌గా నన్ను ఎన్నుకున్నారు. జోతమ్ విచర్ అని పేరు చదవగానే హిట్టీ పైన గ్యాలరీలోంచి నా వైపు చూసి, చేతిలో అల్లిక ఆపకుండానే తల పంకించింది. మా ఆవిడ అంతకంటే పొగడదు.

మీటింగ్ హౌస్‌లో పొయ్యి లేదు కదా, అందరి నోళ్లలోంచీ ఆవిరే. ఆ చలిలోనే ఎంత వేడిగా మాట్లాడుకున్నామో! ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు తలుపులు బిడాయించుకుని రాసిన కొత్త రాజ్యాంగం మాకు వద్దు. పదమూడు రాష్ట్రాల నెత్తిన ఒకటే పెద్ద సర్కారట. పన్నులు వేసేదీ అదే, సైన్యం పెట్టేదీ అదే. రాజును తరిమింది నిన్న కాక మొన్న. మళ్ళీ ఇంకొకణ్ణి పిలిచి పీట వేస్తామా? ఈ మాట నేనే లేచి అన్నాను. బల్లలు బాగానే చరిచారు.

డెలిగేట్‌ చేతికి ఇచ్చే ఆదేశం రూబెన్ రాశాడు. రూబెన్ అంటే హిట్టీకి అన్న, నాకు బావ, మా పక్క పొలం వాడు. ‘వద్దు’ అని ఓటు వెయ్యాలని రెండు ముక్కల్లో రాశాడు. అది చాలదని నేనే పట్టుబట్టి, ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అన్న మాట చేర్పించాను. అక్కడ లాయర్లు తీపిగా మాట్లాడి మనసు మార్చేస్తారని భయం. నా మనసని కాదు. నాకు జ్వరం వచ్చి ఇంకొకడిని పంపాల్సి వస్తే, వాడి మనసు.

రూబెన్ నవ్వాడు. ఇంత గట్టి ముడి మనం దూడకి కూడా వెయ్యం గదా బావా అన్నాడు.

ఫిబ్రవరి 13. ఎక్సెటర్

సత్రంలో మంచానికి ఇద్దరు. నా వాటాకి అమోస్ లారబీ అని సముద్రం పక్క ఊరి డెలిగేట్ వచ్చాడు. కొత్త రాజ్యాంగం కావాలనే బాపతు. పగలంతా ఎదురెదురు బల్లల మీద కూర్చుని ఒకరినొకరు కాదనుకోవడం, చీకటి పడ్డాక ఒకే దుప్పటి కోసం లాక్కోవడం. అతని పాదాలు మంచు గడ్డలు. తెచ్చి నా పిక్కలకి ఆనిస్తాడు. ఏమయ్యా అంటే, పదమూడు రాష్ట్రాలు కలిసి ఉండాలంటున్నాను, ఆమాత్రం ఓర్చుకోలేవా అంటాడు.

ఫిబ్రవరి 16

ఇవాళ లాయర్లు మాట్లాడారు. నేను వినలేదు. వినకూడదనే వినలేదు.

ఫిబ్రవరి 18

కొండల వైపు నుంచి వచ్చిన ఒక డెలిగేట్ లేచి, రాజ్యాంగంలో ఒక వాక్యం చదివాడు. ఇంకో ఇరవై ఏళ్లపాటు ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్ముకోవచ్చు, ఆపే హక్కు ఈ కొత్త సర్కారుకి ఉండదు. మనం దీని కింద చేవ్రాలు పెడితే ఆ దొంగతనంలో మనకూ వాటా ఉన్నట్టే అన్నాడు.  అమోస్ తన టోపీలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నేను నా ఆదేశం తీసి మళ్ళీ చదువుకున్నాను. రూబెన్ ఎంత సరిగ్గా రాశాడో అనుకున్నాను.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

 

భోజనాల వేళ సత్రం పొయ్యి దగ్గర అమోస్, నేను బీన్స్ తింటున్నాం. రాజుతో జరిగిన యుద్ధంలో ఎక్కడ ఉన్నావని అడిగాడు. చెప్పాను. పదేళ్ల కిందటి ఆ చలికాలం, మా సైన్యం విడిది చేసిన ఆ గుడిసెలు. మా తమ్ముడు నేథన్ గురించి కూడా చెప్పాను. పంతొమ్మిదేళ్లవాడు. బూట్లు అరిగి ఊడిపోతే గోనెపట్టా ముక్కలు చుట్టుకున్నాడు. ముందు వేళ్లు నల్లబడ్డాయి, తర్వాత పాదం, తర్వాత వాడు పోయాడు. బూట్లు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు, దేవుడి నిర్ణయం అన్నాను. ఎప్పుడూ అనే మాటే.

అమోస్ చెంచా కింద పెట్టాడు. ఆ రోజుల్లో తాను సైన్యం సరుకుల కొట్లో గుమాస్తానన్నాడు. బూట్లు ఉన్నాయయ్యా అన్నాడు. పక్క రాష్ట్రం గిడ్డంగిలో పైకప్పు దాకా పేర్చి ఉన్నాయట. తన కళ్లతో చూశాడట. మా రాష్ట్రం కుర్రాళ్లకైతేనే ఇస్తాం, మిగతావాళ్ల సంగతి మిగతా రాష్ట్రాలు చూసుకోవాలి అని అక్కడి సర్కారు తాళం వేసుకుంది. అందరూ కలిసి సాయం చేస్తామని అంతకుముందు మాటిచ్చిన సర్కారే. అన్ని రాష్ట్రాల పెద్దలూ కూర్చునే కాంగ్రెస్ ఉత్తరం రాసింది. మళ్ళీ రాసింది. కాంగ్రెస్ చేతిలో కలం తప్ప ఏముంది, బతిమాలుకోవడం తప్ప ఏం చెయ్యగలదు అన్నాడు.

లేచి గుర్రాల కొట్టం దగ్గరికి వచ్చేశాను. లేవనుకుంటే ఎలాగో ఓర్చుకున్నాను ఇన్నాళ్లూ. ఉన్నాయట.

ఫిబ్రవరి 21

ఇవాళ అందరి మాటలూ విన్నాను. మొదటి రోజు నుంచీ వినాల్సింది.

ఫిబ్రవరి 22

కన్వెన్షన్ వాయిదా పడింది. నాలాగా ఊరి ఆదేశంతో కట్టుబడి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో మనసు మారినవాళ్లు కూడా నేనొక్కణ్ణే కాదు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు ఓటు పెడితే రాజ్యాంగం ఓడిపోతుంది. అందుకని కావాలనేవాళ్లే వాయిదా అడిగారు. ఊళ్లకి పోయి కట్లు విప్పించుకుని రండి, జూన్‌లో కాన్‌కర్డ్‌లో కలుద్దాం అని. వాయిదాకి నేను సరే అన్నాను. మా ఊరి కాగితంలో వాయిదా గురించి ఏమీ లేదు.

అమోస్ వీడ్కోలు చెప్తూ, నీ పిక్కల్ని మర్చిపోలేను అన్నాడు.

మార్చి 12

మేపుల్ చెట్లకి గాట్లు పెట్టి, కారే తీపి రసానికి తొట్లు కట్టాం. ప్రతి ఏడూ రూబెన్, నేను కలిసే పాకం కాస్తాం. ఇన్నాళ్లూ చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఇవాళ కాగు దగ్గర చెప్పేశాను. బూట్ల సంగతి ముందు, నా మనసు సంగతి తర్వాత.

రూబెన్ గరిటె ఇంకో చుట్టు తిప్పాడు. తర్వాత అన్నాడు, నేథన్‌ని గుడిసెలోంచి మోసుకొచ్చింది ఎవరు బావా, నేను కాదూ అని. నిజమే, రూబెనే. నాకు ఆ రోజు లేచి నిలబడే శక్తి లేదు. రూబెన్ గొంతు పెరిగింది. పైన కూర్చున్నవాళ్లు మనల్ని మర్చిపోయారు, అందుకే పోయాడు పిల్లాడు, ఇప్పుడు వాళ్లకే ఇంకా ఎత్తు కుర్చీ చేయించి ఇస్తానంటావా, నీ బుర్ర ఎక్సెటర్‌లో తాకట్టు పెట్టొచ్చావా అన్నాడు. వాళ్లు మర్చిపోలేదు, వాళ్ల చేతిలో ఏమీ లేదు, అదే కదా నేను చెప్పేది అన్నాను. తాళం వేసుకున్నది చిన్న సర్కారు రూబెన్, పెద్దది కాదు అన్నాను. చిన్నదే అంత పని చేస్తే పెద్దది ఇంకెంత చేస్తుందో ఊహించుకో అన్నాడు.

ఒకడే పిల్లాడు, ఒకటే చావు. చెరో వైపు నిలబడి చూస్తున్నాం.

గరిటె మంచులో విసిరేసి వెళ్లిపోయాడు. పాకం మాడిపోయింది. హిట్టీ కాగులోకి చూసి, ఇద్దరి చివాట్లూ కలిపి నాకే పెట్టింది.

ఏప్రిల్ 24

నేల ఆరింది. దున్నకం మొదలు పెట్టాలి. పొద్దున్నే రూబెన్ వచ్చాడు, కాడి కోసం అనుకుని సంతోషించాను. మాట్లాడకుండా బ్రైట్‌ని తోలుకుని పోయాడు.

మా ఇద్దరికీ చెరొక ఎద్దు. బక్ నాది, బ్రైట్ అతనిది. దూడలప్పటినుంచీ ఒకే కాడి కింద పెరిగాయి. ఇన్నేళ్లూ రెండు పొలాలూ ఆ జతే దున్నింది. బ్రైట్ వెళ్తుంటే బక్ కంచె దాకా పోయి అరిచింది.

ఏప్రిల్ 29

పక్కవీధి పీబడీల ఎద్దును అరువు తెచ్చాను. తెచ్చాక తెలిసింది, అదీ దాపటెద్దే, ఎడమ వైపు నడిచేదే. బక్ పుట్టినప్పటినుంచీ ఎడమ వైపే నడిచింది. తీసుకెళ్లి కుడి వైపు కడితే, కాడి కిందనుంచి మెడ తిప్పి నా మొహంలోకి చూసింది. మధ్యాహ్నానికి ఒక్క చాలు వేశాం, అదీ మెలికలు. కంచెకి అవతల రూబెన్ రెండు వలపటెద్దులతో, రెండూ కుడి వైపువే, అవే పాట్లు పడుతున్నాడు. అతని అరువు ఎద్దు గిరుక్కున తిరిగి ఇంటి దారి పట్టింది, వెనకాలే నాగలి, నాగలి వెనకాల రూబెన్.

నవ్వాను. అతను చూశాడు. నవ్వకుండా ఉండాల్సింది.

కన్వెన్షన్‌లో ఎవడైనా లాయర్‌కి ఈ ఎద్దుల సంగతి తెలిస్తే గంటసేపు ఉపన్యాసం ఇస్తాడు. నేను ఇవ్వను. నాకు నడుం నొప్పి.

మే 3

హిట్టీ ఎవరినీ అడగలేదు. పొద్దున పాలు పితికి, అన్నగారి కొట్టంలోకి పోయి, బ్రైట్‌ని విప్పి తోలుకొచ్చింది. వెనకాలే రూబెన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. హిట్టీ ఇద్దరినీ నిలబెట్టి కడిగేసింది. రాజ్యాంగం మీరు చూసుకోండి అన్నయ్యా, మొక్కజొన్న మాత్రం నాక్కావాలి, చలికాలం పిల్లలకి మీ ఉపన్యాసాలు ఉడకేసి పెట్టనా అంది. కాడి తనే ఎత్తి ఎద్దుల మెడ మీద వేసింది.

సరే, దున్నాం. మాటలు లేవు. మేం మాట్లాడింది ఎద్దులతోనే.

ఒరే బక్కూ, నీకు బుద్ధి లేదురా, ఎవడు తీపిగా అదిలిస్తే అటు తిరుగుతావు అన్నాడు రూబెన్. ఒరే బ్రైటూ, నీకు మెడ ఉంది గానీ అది తిరగదురా, చెట్టు ఎదురొచ్చినా తిన్నగానే పోతావు అన్నాను నేను. బక్‌కి పట్టణం గడ్డి రుచి తగిలింది అన్నాడు. బ్రైట్‌కి చెవులు ఉన్నది ఈగలు తోలుకోవడానికే అన్నాను. సాయంత్రానికి ఎద్దులకి జరిగినంత అవమానం న్యూ హాంప్‌షైర్‌లో ఏ గొడ్డుకీ జరిగి ఉండదు.

చాళ్లు మాత్రం గీత గీసినట్టు పడ్డాయి.

మే 26, సోమవారం

మళ్ళీ టౌన్ మీటింగ్. నా కోరిక మీదే పెట్టారు. నా కట్టు విప్పమని ఊరిని అడిగాను.

నాకు మాట్లాడటం రాదు. బూట్ల సంగతి చెప్పాను. నేథన్ పేరు వచ్చాక మిగతాది సగం సగమే చెప్పి కూర్చున్నాను.

రూబెన్ లేచాడు. నేథన్ గురించి ఒక్క మాట ఎత్తలేదు, అందుకు అతనికి రుణపడి ఉంటాను. మిగతావన్నీ అడిగాడు. మన దేవుణ్ణి మన ఇష్టమొచ్చినట్టు కొలుచుకోవచ్చని ఈ రాజ్యాంగంలో ఎక్కడ రాసుంది? మన ఇళ్లలో వాళ్ల సైనికుల్ని దించరని ఎక్కడ రాసుంది? మన పొలాల తగాదాలకి జ్యూరీ ఉంటుందని ఎక్కడ రాసుంది? మంచివాళ్లు పైన కూర్చున్నంతకాలం సరే, చెడ్డవాడు కూర్చున్న రోజున వాడి చెయ్యి పట్టుకునే ముక్క ఏది? చివరికి ఆ ఓడల సంగతి. ఇరవై ఏళ్లు మనుషుల్ని అమ్ముకోనిస్తామని చేవ్రాలు పెట్టమంటున్నావు, దానికేం చెప్తావు బావా అని నా కళ్లలోకి చూసి అడిగాడు.

 దానికి నా దగ్గర జవాబు లేదు, అది తప్పే, రాష్ట్రాలు విడిపోతే ఆ తప్పు ఎప్పటికీ ఆగదు, కలిసుంటే ఎప్పటికైనా ఆపొచ్చు అని నా ఆశ, ఆశ మాత్రమే అన్నాను. ఆ ఒక్క మాటతో ఓట్లు పోగొట్టుకున్నావంది హిట్టీ ఇంటికొచ్చాక. నిజమే కావచ్చు. అబద్ధం చెప్పి గెలవడం కూడా నాకు రాదు.

కట్టు విప్పుదామనేవాళ్లు తూర్పు గోడ వైపు, వద్దనేవాళ్లు పడమటి గోడ వైపు నడిచారు. తూర్పున ఇంతమంది నిలబడతారని నేననుకోలేదు. అయినా పడమర నలుగురైదుగురు ఎక్కువ.

బయట గుర్రాలు విప్పుతుంటే రూబెన్ పక్కకొచ్చాడు. మీటింగ్‌లో అడిగింది తప్పిస్తే, మార్చి తర్వాత నాతో నేరుగా మాట్లాడటం ఇదే. నువ్వు ‘కావాలి’ అని ఓటు వేస్తావని నాకు భయం లేదు బావా, అంత తెగువ నీకు లేదు అన్నాడు. ఓటు వేళకి ఎక్కడికో భోజనానికి పోతావు, కాన్‌కర్డ్‌లో అలాంటి విందులు సిద్ధమవుతున్నాయని ఊరంతా అంటోంది, ఆకలేసింది అని చెప్పి తప్పించుకుంటావు చూడు అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ విందు సంగతి నేనూ విన్నాను. విన్నప్పుడు నా మనసు తేలికపడింది కూడా.

జూన్ 12

మేరీలాండ్ ఒప్పుకుంది. దక్షిణ కరొలైనా కూడా ఒప్పుకుందని పోస్టు గుర్రం వాడు చెప్పాడు. ఎనిమిది రాష్ట్రాలయ్యాయి. తొమ్మిదోది ఒప్పుకుంటే కొత్త సర్కారు నిలబడినట్టే. ఆ తొమ్మిదోది మేమే కావచ్చు.

హిట్టీ అడిగింది, అంత బాధైతే వెళ్లడం మానెయ్యరాదా అని. మానేస్తే ఇంట్లో భోజనం, వెళ్తే కాన్‌కర్డ్‌లో భోజనం, రెండూ ఒకటేనే అన్నాను.  ప్రయాణానికి బిస్కట్లు కాల్చి సంచిలో పెట్టింది.

జూన్ 19. కాన్‌కర్డ్

కిటికీల దగ్గర, తలుపుల దగ్గర జనం. పోర్ట్స్‌మత్ దాకా వార్త మోసుకుపోవడానికి గుర్రాలు జీనులు వేసుకుని ఉన్నాయి. అమోస్ నన్ను చూడగానే కౌగిలించుకున్నాడు. కట్టు విప్పారా అన్నాడు. లేదన్నాను. అతని చేతులు నా భుజాల మీదే ఉండిపోయాయి.

జూన్ 20

రాజ్యాంగంతో పాటే సవరణలు కూడా కోరుతూ పంపాలని కన్వెన్షన్ అనుకుంటోంది. మతం ఎవరిష్టం వాళ్లది, జ్యూరీ ఉండాలి, ఇళ్లలో సైనికుల్ని దించకూడదు. రూబెన్ లేచి అడిగినవన్నీ వరసగా చదువుతుంటే, అతనే వచ్చి ఈ హాలులో ఎక్కడో కూర్చున్నాడా అని వెనక్కి చూశాను.

ఓడల సంగతి మాత్రం అందులో లేదు.

జూన్ 21, శనివారం, పొద్దున పదకొండు

విందు పిలుపు వచ్చింది. తెల్లటి మేజోళ్లు వేసుకున్న ఒక లాయర్, మర్యాదస్తుడు, నన్ను పక్కకి తీసుకెళ్లాడు. ఊళ్లో ఒక పెద్దమనిషి ఇంట్లో పన్నెండు గంటలకి గొర్రెపిల్ల వేపుడు, కొత్త బఠాణీలు. చేతులు కట్టేసి ఉన్నవాళ్లనే పిలుస్తున్నాం అన్నాడు. మిమ్మల్ని ఎవరూ ‘కావాలి’ అనమనట్లేదు, తినమంటున్నాం అంతే, ఓటు ఒంటిగంటకి పెడతారు, ఈలోగా రాలేకపోయారు, అందులో తప్పేముంది అన్నాడు.

ఆలోచించుకుని వస్తానన్నాను. మెట్ల దగ్గర అమోస్ పట్టుకున్నాడు. ఎంతమంది అటో ఎంతమంది ఇటో ఎవరికీ తెలియట్లేదు, ఒక్క ఓటుతో తేలినా తేలొచ్చు అన్నాడు. వెళ్లు జోతమ్, నీ తమ్ముడి కోసమైనా వెళ్లు అన్నాడు.

ఇంతకంటే కటువుగా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఇది నదిగట్టు మీద కూర్చుని రాస్తున్నాను. నాకు కావలసిందేమిటో నాకు తెలుసు. ఇది గెలవాలి. నా ‘వద్దు’ వల్ల ఓడిపోతే బతికినంతకాలం నన్ను నేను క్షమించుకోలేను. ఒక పూట తిండి తింటే సరిపోతుంది.

కానీ ఆ గిడ్డంగి చేసిన పని ఏమిటి? మాటిచ్చింది. తీరా ఆ మాట అవసరమైన వేళకి తలుపు వేసుకుంది. వాళ్లకీ ఏవో మంచి కారణాలే ఉండి ఉంటాయి. వాళ్ల పిల్లలకీ చలి వేస్తూనే ఉండి ఉంటుంది. నేను రాష్ట్రాలన్నీ మాట మీద నిలబడాలంటున్నాను. ఆ మాట అనడానికి, ఊరికిచ్చిన మాట గొర్రెమాంసంతో కలిపి మింగేసి వస్తానా?

గంట కొడుతున్నారు. వెళ్లాలి.

అదే రోజు, సాయంత్రం

లోపలికే వెళ్లాను. విందుకి కాదు.

కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. హిట్టీ బిస్కట్ ఒకటి జేబులో ఉంది గానీ నోరు ఎండిపోయి దిగలేదు. ఊళ్ల పేర్లు పిలుస్తున్నారు. కావాలి. వద్దు. కావాలి. కొన్ని ఊళ్ల పేర్లకి జవాబే లేదు, వాళ్లు బఠాణీల దగ్గర ఉన్నారు. ఆల్డర్‌బ్రూక్ అన్నారు. లేచాను. వద్దు అన్నాను. గొణిగితే అది కూడా ఎగ్గొట్టినట్టేనని, కిటికీ బయట ఉన్నవాళ్లకి కూడా వినపడేలా అన్నాను. అమోస్ కళ్లు మూసుకున్నాడు.

తర్వాత కూర్చుని, దేవుడా, నన్ను ఓడించు అని మొక్కుకున్నాను. ఇలాంటి ప్రార్థన ఆయన ఎప్పుడైనా విన్నాడో లేదో.

ఓడించాడు. పది ఓట్ల తేడాతో రాజ్యాంగం గెలిచింది. తొమ్మిదో రాష్ట్రం మేమే! టోపీలు దూలాల దాకా ఎగిరాయి, బయట గుర్రాలు బయల్దేరిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న ముసలాయన, మనస్ఫూర్తిగా ‘వద్దు’ అన్నవాడు, నేను ఓడిపోయినందుకు ఏడుస్తున్నాననుకుని నన్ను కావలించుకున్నాడు. దిగులు పడకు నాయనా, మనం ఇంకా చచ్చిపోలేదు అని వీపు నిమిరాడు. నిజం చెప్పలేకపోయాను. ఇంకాస్త ఏడ్చాను.

విందుకి వెళ్లినవాళ్లు మూతులు తుడుచుకుంటూ వచ్చారు. మాంసం బాగా మెత్తగా ఉందట.

అమోస్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టడానికనుకున్నాను. చెయ్యి కలిపి, పట్టు వదల్లేదు.

జూన్ 23

ఇల్లు చేరాను. గుర్రం దిగకముందే హిట్టీ అడిగింది, తిన్నావా అని. బయట నిలబడ్డ పీబడీల ముసలమ్మ కూడా అదే అడిగింది. ఊరంతా అదే అడుగుతుంది కాబోలు. వాళ్లందరికీ కావలసింది నా ఆకలి సంగతి కాదు. హిట్టీకి మాత్రం నిజంగా అదే కావాలి.

రూబెన్ మొక్కజొన్నలో కలుపు తీస్తున్నాడు. వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. గెలిచింది అన్నాను. తెలుసన్నాడు. పార ఆపలేదు. మరి నువ్వేమన్నావు అన్నాడు. వద్దన్నాను అని చెప్పాను. గట్టిగానా అన్నాడు. గట్టిగానే అన్నాను.

పార ఆగింది. చాలు మధ్యలో మొక్కలు తొక్కుతూ కూర్చుండిపోయాడు. ఊరందరితో పందెం కాశాను బావా, నువ్వు తప్పకుండా తింటానికి పోతావని అన్నాడు. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. ఎందుకంటే నేనైతే వెళ్లేవాణ్ణి అన్నాడు. నాకు కావలసింది గెలవాలంటే, ఊరు వేరేగా కట్టేసి పంపితే, నేను వెళ్లేవాణ్ణి, నిమ్మళంగా తిని వచ్చేవాణ్ణి, అందుకే నీ గురించి అంత గట్టిగా చెప్పగలిగాను అన్నాడు.

నేనూ కూర్చున్నాను. సవరణల సంగతి చెప్పాను. మతం, జ్యూరీ, సైనికులు. నువ్వడిగినవే, నీ మాటలే దాదాపు అన్నాను. అడిగారు సరే, అవి జరిగేదాకా వెంటపడేదెవరు అన్నాడు. ఓడల సంగతి ఉందా అన్నాడు. లేదన్నాను. మరి దాని వెంటపడేదెవరు అన్నాడు.

హిట్టీ గంట కొట్టి భోజనానికి పిలిచింది. ఇద్దరం వెళ్లాం.

1789 ఫిబ్రవరి 2

ఊళ్లో కొంతమంది వచ్చి, రాష్ట్ర శాసనసభకి నిలబడమన్నారు. మాట మీద నిలబడ్డావు కదా, నువ్వే ఉండాలి అన్నారు. వద్దన్నాను. ఈ కొత్త సర్కారు మీద నాకు ప్రేమ ఉంది. దాని మీద ప్రేమ లేనివాణ్ణి పంపండి, సవరణలు వచ్చేదాకా దాన్ని కన్నార్పకుండా చూస్తాడు అన్నాను. పేరు నేనే చెప్పాను.

మార్చి 10, మంగళవారం. టౌన్ మీటింగ్

రూబెన్‌ని ఎన్నుకున్నాం. ఏ ఆదేశం ఇవ్వకుండా, చేతులు కట్టకుండా పంపాలని నేను ప్రతిపాదించాను. తప్పు, మనిషన్నవాడిని అలా వదలకూడదు, నాకు ఆదేశం ఇచ్చి తీరాల్సిందే అని అందరికంటే గట్టిగా అరిచినవాడు రూబెన్. ఆదేశం కావాలనేవాళ్ల వైపు, పడమటి గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ అతనొక్కడే నిలబడ్డాడు.